పామాయిల్ తోటలో నల్ల రాయి దొరికిందా..? అది చంద్రుడిదా, అంగారకుడిదా.. ఎలా తేలుస్తారంటే!

అశ్వారావుపేట: పామాయిల్ మొక్కకు పాదు తీస్తుంటే గునపానికి ఓ నల్ల రాయి తగిలింది అనుకోండి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు. పైనంతా కాలినట్టు నల్లగా ఉంది. వెంటనే ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. వీడియో తీస్తారు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో ‘ఆకాశం నుంచి పడ్డ ఉల్క.. కోట్లు పలుకుతుందట’ అని తిరిగేస్తుంది. మరి అది నిజంగా ఉల్కేనా? ఉల్కే అయితే ఎక్కడి నుంచి వచ్చింది? చంద్రుడి మీద నుంచా, అంగారకుడి మీద నుంచా, మరెక్కడి నుంచైనానా? ఈ సంగతి ఎవరు, ఎలా తేలుస్తారు?

ఇదంతా ఎక్కడో అమెరికాలో, అంటార్కిటికాలో జరిగే వ్యవహారం అనుకుంటే పొరపాటే. 1997 డిసెంబర్ 13న అప్పటి కృష్ణా జిల్లా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా విస్సన్నపేట దగ్గర ఆకాశం నుంచి ఒక రాయి పడింది. బరువు సుమారు 1.3 కిలోలు. మ్యాప్‌లో గీత గీస్తే అశ్వారావుపేట నుంచి విస్సన్నపేట 50 కిలోమీటర్ల దూరమే. చింతలపూడి మీదుగా బైక్‌పై రెండు గంటల్లోపే వెళ్లిపోవచ్చు.

ఇంతకీ ఆ రాయి మామూలు ఉల్క కాదు. ప్రపంచ ఉల్కల జాబితాలో అది ‘విస్సన్నపేట’ పేరుతోనే నమోదైంది. రకం: యూక్రైట్. అంటే ఒకప్పుడు కరిగి, లావాగా మారి, మళ్లీ గడ్డకట్టిన రాయి. ఈ రకం రాళ్లకు పుట్టిల్లు అంగారకుడికి, గురుడికి మధ్య తిరిగే ‘వెస్టా’ అన్నది శాస్త్రవేత్తల లెక్క. వెస్టా అడ్డంగా దాదాపు 525 కిలోమీటర్లు ఉంటుంది. పూర్తి గ్రహం కాదు, చందమామా కాదు. గ్రహం కాబోయి మధ్యలో ఆగిపోయింది అంటారు.

అలాంటి చోటు నుంచి వచ్చిన రాయి మన మామిడి తోటల ప్రాంతంలో పడిందన్న సంగతి ఇటువైపు చాలామందికి తెలియదు. ఆశ్చర్యమే. నకిలీ ఉల్కల వీడియోలకు మాత్రం లక్షల్లో వ్యూస్ వస్తాయి.

ముందు అది ఉల్కేనా?

మొదటి అడుగు ఇదే. ఇక్కడే నూటికి తొంభై తొమ్మిది రాళ్లు ఆగిపోతాయి.

ఉల్క గాలిలోంచి దూసుకొచ్చేటప్పుడు పైపొర కరిగిపోతుంది. కిందపడే ముందు ఆ కరిగిన పొర గట్టిపడి పల్చటి నల్ల పెంకులా అతుక్కుంటుంది. మందం ఒక మిల్లీమీటర్ లోపే. ఎక్కడైనా అంచు పగిలితే లోపల రంగు వేరుగా, లేతగా కనిపిస్తుంది. పైన ఎలా ఉందో లోపలా అలాగే ఉంటే అనుమానించాల్సిందే. కొన్ని ఉల్కల మీద తడి మట్టిలో బొటనవేలు నొక్కినట్టు సొట్టలు కూడా ఉంటాయి.

మరి మన దగ్గర జనాన్ని మోసం చేసే రాళ్లేంటి? లిస్టు పెద్దదే. పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఉంది, థర్మల్ స్టేషన్ ఉంది. ఫర్నేస్‌లో మిగిలిపోయిన గడ్డలు లారీల్లో, రోడ్డు పనుల్లో ఎక్కడికైనా చేరొచ్చు. తెలంగాణ అడవుల్లో పాతకాలంలో ఇనుము కరిగించిన చోట్ల ఇనప చిట్టెం ఇప్పటికీ దొరుకుతుంది. నల్లగా, బరువుగా ఉంటుంది, అయస్కాంతానికి కూడా అంటుకుంటుంది. చూసినవాళ్లు ఉల్క అని ఒట్టేసి చెబుతారు. కానీ చిట్టెంలో బుడగల చిల్లులుంటాయి. ఉల్కల్లో బుడగలు దాదాపు ఉండవు.

‘దాదాపు’ అనడానికి కారణం ఉంది. 1957లో బ్రెజిల్‌లో ఇబిటిరా అనే చోట పడిన ఉల్క నిండా బుడగలే. అలాంటివి ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి చిల్లులున్న రాయి దొరికితే ముందు చిట్టెమే అనుకోవాలి.

బయ్యారం వైపు దొరికే ఇనుప ఖనిజం ఇంకో రకం. దీనికి ఇంట్లోనే చిన్న పరీక్ష ఉంది. బాత్రూమ్ టైల్ వెనక వైపు, గ్లేజ్ లేని గరుకు భాగం మీద రాయిని గట్టిగా గీయండి. ఎర్రటి గీత పడితే హెమటైట్, చిక్కటి నల్ల గీత పడితే మాగ్నటైట్. రెండూ భూమి రాళ్లే. ఉల్క సాధారణంగా గీత పడనివ్వదు. అలాగే రాయిలో తెల్లగా మెరిసే పలుగురాయి ముక్కలు కనిపిస్తే ఇక చూడక్కర్లేదు, అది మన భూమిదే. ముగ్గురాయి బరువు చూసి మోసపోయేవాళ్లు కూడా ఉన్నారు. అది బేరియం ఖనిజం, ఆకాశంతో దానికి సంబంధం లేదు.

ఇంకో మాట. ‘ఇప్పుడే పడింది, ఇంకా మండుతోంది, పొగలు వస్తున్నాయి’ అనే వీడియోలు చూసే ఉంటారు. నిజం ఏంటంటే, ఉల్క వెలుగు చాలా ఎత్తులోనే ఆరిపోతుంది. చివరి పదిహేను ఇరవై కిలోమీటర్లు అది మామూలు రాయిలాగే చీకట్లో కిందపడుతుంది. అప్పటికే పైపొర చల్లారిపోతుంది. గడ్డి తగలబెట్టేంత వేడి చిన్న ఉల్కలకు ఉండదు. మంటలతో కనిపించే వీడియోలో ఉన్నది చాలావరకు బొగ్గో, చిట్టెమో, ఎడిటింగో.

అయస్కాంతం పెడితే తెలిసిపోతుందా?

చాలామంది చేసే మొదటి పని ఇదే. స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకుంటే ఉల్క, లేకపోతే కాదు అని తేల్చేస్తారు.

మామూలు ఉల్కల విషయంలో ఇది కొంతవరకు పనిచేస్తుంది. వాటిలో ఇనుము, నికెల్ లోహం చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. 1852లో నెల్లూరు జిల్లాలో పడి ‘యాటూర్’ పేరుతో రికార్డుకెక్కిన ఉల్క ఈ కోవలోదే. ఈ జాతి రాళ్లు ఎప్పుడూ పూర్తిగా కరగలేదు. సౌర కుటుంబం పుట్టినప్పటి దుమ్ము గడ్డలు అలాగే ఉండిపోయాయి. భూమ్మీద పడే ఉల్కల్లో ఎక్కువ శాతం ఇవే.

చంద్రుడు, అంగారకుడు, వెస్టా లాంటి చోట్ల నుంచి వచ్చే రాళ్ల సంగతి వేరు. పెద్ద గోళం కరిగినప్పుడు బరువైన ఇనుము కిందికి, నడిమధ్యకు దిగిపోతుంది. పైన మిగిలేది లోహం లేని రాయి. ఢీకొట్టినప్పుడు ఎగిరొచ్చేది ఈ పైరాయే. అంటే చంద్రుడి రాయికో వెస్టా రాయికో అయస్కాంతం పెడితే సరిగా అంటుకోదు. ‘అంటుకోలేదు, కాబట్టి ఉల్క కాదు’ అని విసిరేసిన రాయే అన్నిటికంటే అరుదైనది కావొచ్చు!

అంతేకాదు, బలమైన అయస్కాంతం రాయికి నష్టం కూడా చేస్తుంది. కోట్ల ఏళ్ల కిందట ఆ గోళానికి అయస్కాంత క్షేత్రం ఉండేదా అన్న ఆధారం రాయిలో దాగి ఉంటుంది. ఒక్కసారి అయస్కాంతం తాకిస్తే అది చెరిగిపోతుంది, మళ్లీ రాదు. మొరాకోలో దొరికిన ‘బ్లాక్ బ్యూటీ’ అనే అంగారక ఉల్క ముక్కల్లో పరిశోధకులకు ఎదురైన కష్టం ఇదే.

విస్సన్నపేట రాయి వెస్టాదని ఎలా చెప్పారు?

ఇక్కడి నుంచి పని ల్యాబ్‌ది. చూపుతో తేలేది కాదు.

యూక్రైట్‌లో ఉండే ఖనిజాలు ప్రధానంగా రెండు. పైరాక్సీన్, ప్లేజియోక్లేజ్. మన గౌరీపట్నం, పంగిడి క్వారీల నుంచి రోడ్లకు తోలే నల్లరాయి ఉంది కదా, దాంట్లోనూ ముఖ్యంగా ఇవే. రెండూ లావా బిడ్డలే. పైనున్న నల్ల పెంకు చెరిగిపోతే యూక్రైట్ ముక్క కంకర కుప్పలో కలిసిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. విస్సన్నపేట రాయి పడ్డప్పుడే దొరకబట్టి సరిపోయింది.

తేడా పట్టేది ఆక్సిజన్. ప్రతి రాయిలోనూ ఆక్సిజన్ ఉంటుంది. అందులో బరువును బట్టి మూడు రకాలున్నాయి: 16, 17, 18. ఈ మూడూ ఏ నిష్పత్తిలో ఉన్నాయన్నది ఒక్కో గోళానికి ఒక్కోలా ఉంటుంది. దాన్ని ఇంటిపేరులా అనుకోవచ్చు. రాయి కరిగినా, గడ్డకట్టినా, ముక్కలైనా ఇంటిపేరు పోదు. యూక్రైట్లన్నీ దాదాపు ఒకే ఇంటిపేరుతో వస్తాయి. అది భూమిది కాదు, అంగారకుడిదీ కాదు.

రెండో ఆధారం ఇనుము, మాంగనీస్ లెక్క. పైరాక్సీన్‌లో ఒక వంతు మాంగనీస్‌కు ఎన్ని వంతుల ఇనుము ఉందో చూస్తారు. వెస్టా రాళ్లలో సుమారు 30 వస్తుంది. అంగారకుడి రాళ్లలో 40 దరిదాపుల్లో, చంద్రుడి రాళ్లలో 70 పైచిలుకు వస్తుంది.

సరే, ఇవన్నీ ఒకే గోళానివని తేలింది. ఆ గోళం వెస్టానే అని ఎలా చెబుతారు? 1970లో అమెరికా శాస్త్రవేత్తలు టెలిస్కోప్‌తో వెస్టా నుంచి వచ్చే వెలుగును పరిశీలించారు. ఏ రంగు ఎంత మింగుతోంది, ఎంత వెనక్కి పంపుతోంది అని చూస్తే, ల్యాబ్‌లో యూక్రైట్ రాయి చూపించే తీరుతో సరిపోయింది. తర్వాత నాసా ‘డాన్’ నౌక 2011, 2012లో వెస్టా చుట్టూ తిరిగి దగ్గర నుంచి చూసింది. దక్షిణ ధ్రువం దగ్గర దాదాపు 500 కిలోమీటర్ల వెడల్పున భారీ గుంత కనిపించింది. గోళం అంత వెడల్పు గుంత! అలాంటి దెబ్బకు ఎగిరిన రాళ్లే కోట్ల ఏళ్లు తిరిగి తిరిగి భూమికి చేరుతున్నాయి.

కళ్ల ముందు పడే ప్రతి నూరు ఉల్కల్లో ఐదారు ఈ వెస్టా కుటుంబానివే. అయితే అన్నీ కాదు. బుడగలున్న ఇబిటిరా రాయి చూడ్డానికి యూక్రైటే, ఆక్సిజన్ ఇంటిపేరు మాత్రం తేడా వచ్చింది. అంటే అది వేరే గోళం బిడ్డ. ఏ గోళమో ఇంకా తేలలేదు.

అంగారకుడి రాళ్లకు మన దేశం పేరే!

ఇది చాలామంది వినని సంగతి. 1865 ఆగస్టు 25న బిహార్‌లోని గయ దగ్గర షెర్గాటీలో పెద్ద చప్పుడుతో ఒక రాయి పడింది. బరువు దాదాపు 5 కిలోలు. అప్పటి రికార్డుల్లో ఊరి పేరు ‘షెర్గొట్టి’ అని రాశారు. అందుకే ప్రపంచంలో ఎక్కడ ఆ రకం అంగారక రాయి దొరికినా దాన్ని ‘షెర్గొటైట్’ అంటారు. సహారాలో దొరికినా అదే పేరు, అంటార్కిటికాలో దొరికినా అదే పేరు. అసలు రాయిలో పెద్ద ముక్క కోల్‌కతాలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దగ్గర ఉంది.

అయితే అది అంగారకుడిదని తెలియడానికి వందేళ్లకు పైగా పట్టింది. మొదటి అనుమానం వయసు దగ్గర వచ్చింది. గ్రహశకలాల రాళ్లు 450 కోట్ల ఏళ్ల కిందటివి. షెర్గొట్టి మాత్రం 20 కోట్ల ఏళ్లలోపే గడ్డకట్టింది. చిన్న గిన్నెలో అన్నం త్వరగా చల్లారిపోతుంది. పెళ్లి గుండిగలో అన్నం గంటల తరబడి పొగలు కక్కుతూనే ఉంటుంది. గోళాల సంగతీ అంతే. వెస్టా లాంటి చిన్న గోళం ఎప్పుడో చల్లారిపోయింది. ఇంత ఈ మధ్యన లావా పారిందంటే ఆ గోళం పెద్దదై ఉండాలి. అంటే గ్రహమే.

తిరుగులేని రుజువు 1983లో దొరికింది. అంటార్కిటికాలో దొరికిన దాదాపు 8 కిలోల షెర్గొటైట్‌లో నల్లటి గాజు మచ్చలున్నాయి. ఢీకొట్టిన దెబ్బకు రాయి కరిగి గాజుగా మారిన చోట్లవి. అలా కరిగినప్పుడు చుట్టూ ఉన్న గాలి అందులో చిక్కుకుపోయింది. నాసా శాస్త్రవేత్తలు బోగార్డ్, జాన్సన్ ఆ గాజును వేడి చేసి లోపలి గాలిని కొలిచారు. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకలు అక్కడి గాలిని కొలిచి పంపిన లెక్కలు అప్పటికే చేతిలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెడితే సరిపోయాయి. రాయి తన ఊరి గాలిని మూటగట్టుకుని వచ్చిందన్నమాట.

ఇప్పటిదాకా గుర్తించిన ఉల్కలు 77 వేలకు పైనే. వాటిలో అంగారకుడివి 400 దాకా ఉంటాయి. కళ్ల ముందు పడగా చూసినవి మాత్రం ఐదే. అందులో ఒకటి మన షెర్గొట్టి.

చందమామ రాయికి ఖమ్మం చుట్టాలు!

చంద్రుడి రాయి పట్టుకోవడం తేలిక అనిపిస్తుంది. అపోలో యాత్రల్లో తెచ్చిన 382 కిలోల నమూనాలున్నాయి కదా, పోల్చి చూస్తే సరి. నిజమే, 1982 జనవరిలో అంటార్కిటికాలో దొరికిన నిమ్మకాయంత రాయిని అలాగే గుర్తించారు. బరువు 31 గ్రాములు. మొట్టమొదట గుర్తుపట్టిన చంద్ర ఉల్క అదే.

చిక్కు ఎక్కడంటే.. ఆక్సిజన్ ఇంటిపేరు ఇక్కడ పనిచేయదు. భూమికి, చంద్రుడికి అది ఒక్కటే! అంగారకుడంత గోళం ఒకటి భూమిని ఢీకొట్టినప్పుడు లేచిన శకలాలతో చంద్రుడు తయారయ్యాడన్నది ఎక్కువమంది ఒప్పుకునే సిద్ధాంతం. అందుకే ఇంటిపేరు కలిసింది.

పైగా చూపుకు కూడా చుట్టాలే. రాత్రి చందమామలో తెల్లగా మెరిసే భాగమంతా అనార్థోసైట్ అనే రాయితో తయారైంది. 2023లో చంద్రయాన్-3 రోవర్ ‘ప్రజ్ఞాన్’ దక్షిణ ధ్రువం వైపు నేలను పరిశీలించినప్పుడు ఆ రాయి ఆనవాళ్లే పట్టింది. అదే అనార్థోసైట్ మన ఖమ్మం జిల్లాలోనూ ఉంది! ‘చిమల్‌పహాడ్’ పేరుతో భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పుకునే పెద్ద రాతి సముదాయం అది. తమిళనాడు నామక్కల్ ప్రాంతంలోని ఇలాంటి రాళ్లనే పొడి చేసి, ఇస్రో తన రోవర్ పరీక్షలకు ‘చంద్రుడి మట్టి’ తయారు చేసుకుంది. కాబట్టి తెల్లటి బూడిదరంగు రాయి చూపించి ‘చంద్రుడిది’ అని ఎవరైనా అంటే, చిమల్‌పహాడ్ వైపుదేమో అని అడగడంలో తప్పులేదు.

మరి తేడా ఎలా పడతారు? ఇనుము-మాంగనీస్ లెక్క ఒకటి. రాయిలో నీటి ఆనవాళ్లున్న ఖనిజాలు లేకపోవడం ఇంకోటి. అన్నిటికంటే గట్టిది విశ్వ కిరణాల ముద్ర. అంతరిక్షంలో ఉన్న రాయికి ఆ కిరణాలు తగిలి కొత్త ఐసోటోపులు పుడతాయి. భూమి మీద గాలి, అయస్కాంత క్షేత్రం అడ్డు ఉంటాయి కాబట్టి ఇక్కడి రాయికి ఆ స్థాయిలో ముద్ర పడదు. ఖమ్మం రాయి ఎంత తెల్లగా ఉన్నా ఈ పరీక్షలో దొరికిపోతుంది. చిత్రం ఏంటంటే, చంద్రుడి ఉల్కలు వందల్లో దొరికినా, కళ్ల ముందు పడినట్టు నమోదైంది ఒక్కటీ లేదు.

బుధుడి రాయి దొరికిందా?

2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని బనాస్‌కాంఠా జిల్లాలో రవేల్, రంటిలా గ్రామాల్లో ఉల్క ముక్కలు పడ్డాయి. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ పరిశీలించి ‘ఆబ్రైట్’ అని తేల్చింది. చాలా అరుదైన రకం. మన దేశంలో అంతకుముందు ఆబ్రైట్ పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్టీ దగ్గర. 170 ఏళ్ల గ్యాప్! ఆబ్రైట్లకు, బుధుడి నేలకు కొన్ని పోలికలు ఉండటంతో ‘బుధ గ్రహం నుంచి రాయి’ అంటూ ప్రచారం జరిగింది. కానీ పోలిక వేరు, రుజువు వేరు. బుధుడి మీద నుంచి నమూనా ఎవరూ తేలేదు, పోల్చి చూడటానికి చేతిలో ఏమీ లేదు. బుధుడిదని ఖాయమైన ఉల్క ఇప్పటికి లేదు. శుక్రుడిది అసలే లేదు.

కోట్లు పలుకుతుందా?

2025 జూలైలో న్యూయార్క్‌లో సోథెబీస్ వేలంలో ఒక అంగారక ఉల్క ఫీజులతో కలిపి 53 లక్షల డాలర్లు పలికింది. నైజర్ ఎడారిలో దొరికిన 24.67 కిలోల రాయి, అంగారకుడి ముక్కల్లో అతి పెద్దది. ఈ వార్త వచ్చాక ‘మా దగ్గరా ఉంది’ అనేవాళ్లు పెరగడం సహజం. కానీ ఆ ధర రాయికి ఒక్కదానికే కాదు, దాని వెనకున్న ల్యాబ్ రిపోర్టుకు, అంతర్జాతీయ జాబితాలో ఉన్న పేరుకు కూడా. మామూలు ఉల్కలకు అందులో వందో వంతు కూడా రాదు.

రైస్ పుల్లింగ్ చెంబు, ఇరిడియం పాత్ర పేరుతో తెలుగు రాష్ట్రాల్లో ఎంతమంది మునిగారో తెలిసిందే. ఉల్క పేరుతోనూ అదే పద్ధతిలో రావొచ్చు. ‘విదేశీ కంపెనీ కొంటుంది, ముందు టెస్టింగ్ చార్జీలు కట్టండి’ అని ఎవరైనా అడిగితే అక్కడే ఫోన్ పెట్టేయాలి. అసలైన శాస్త్రవేత్త ఎవరూ అడ్వాన్స్ అడగరు.

దొరికితే ఏం చేయాలి?

కళ్ల ముందు పడితే ముందు టైమ్ చూసుకోవాలి. ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎన్నిసార్లు చప్పుడైంది రాసిపెట్టుకోవాలి. పడిన గుంతతో సహా ఫోటో తీయాలి, పక్కన స్కేలో, అగ్గిపెట్టో పెట్టి. లొకేషన్ సేవ్ చేయాలి. ఆ తర్వాతే రాయి ముట్టుకోవాలి. అదీ ఒట్టి చేత్తో కాదు, శుభ్రమైన పాలిథిన్ కవర్‌తో. కడగకూడదు, సుత్తితో కొట్టకూడదు, నూనె రాయకూడదు. పసుపు కుంకుమ పెట్టి పూజ చేయాలనిపిస్తే దూరం నుంచే దండం పెట్టుకుంటే మంచిది. అయస్కాంతం అసలే వద్దు.

ఆలస్యం కూడా చేయకూడదు. విశ్వ కిరణాల వల్ల పుట్టిన కొన్ని ఐసోటోపులు రోజుల్లోనే తరిగిపోతాయి. రాయి ఎంత త్వరగా ల్యాబ్‌కు చేరితే అంత సమాచారం దొరుకుతుంది. ఇక అశ్వారావుపేట వానల సంగతి చెప్పక్కర్లేదు. లోహం ఉన్న ఉల్క ఒక్క వర్షాకాలం తోటలో నానితే తుప్పు పట్టి, మొరం రాళ్లలో కలిసిపోతుంది.

తహసీల్దార్ ఆఫీసులోనో, పోలీస్ స్టేషన్‌లోనో సమాచారం ఇచ్చి, రాయి అప్పగించినట్టు కాగితం రాయించుకోవాలి. దేశంలో ఉల్కలను సేకరించి భద్రపరిచే బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. ఉల్క అని తేలితే దానికి దగ్గర్లోని ఊరి పేరే పెడతారు. విస్సన్నపేటకు ఆ పేరు అలాగే దక్కింది.